బోర్లా పెట్టిన పాటల డబ్బా

మొన్న ఎవరో ఒకాయన ఫోను చేసి, నా దగ్గర పాత ఐపాడ్ ఏదైనా దొరుకుతుందా అని అడిగాడు. ఏదో ఒకటి కాదట. నల్ల మొహం, ఎర్ర చక్రం, వెనక అద్దంలాంటి స్టీలు రేకు మీద ఒక విదేశీ బ్యాండులోని నలుగురు పాటగాళ్ళ సంతకాలు ఉన్నదే కావాలట. స్పెషల్ ఎడిషన్. వెనక ఒక్క గీత కూడా ఉండకూడదని మరీ మరీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఆ డబ్బాలు విప్పి బిగించడంలోనే నా వయసంతా గడిచింది. వాడినదై ఉండి వెనక గీత లేనిది ఒక్కటీ చూడలేదు. జేబులో వేసుకుని లోకల్ ట్రైను ఎక్కి దిగితే చాలు, పిల్లి బరికినట్టు అయిపోతుంది. లేదని చెప్పి ఫోను పెట్టేశాను గానీ, ఆ రోజంతా మా పేర్ల పిన్ని కళ్ళముందు మెదులుతూనే ఉంది. ఆయన మాటలు వింటే ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. "గీత పడకుండా దాసుకోడానికి అదేటి బావూ, వోడుకునే వొస్తువు కాదేటి?" అనేది.

పిన్ని అంటే మాకు చుట్టం కాదు. కలకత్తాకి గంగ అవతల, హౌరా టికియాపారాలో తెలుగువాళ్ళందరికీ పిన్నే. మా రైల్వే క్వార్టర్ల వెనక బజారులో ఒక గిన్నెల కొట్టు ఉండేది. దాని మెట్టు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. ముందు ఒక ఇనపదిమ్మ, చేతిలో చిన్న సుత్తి, కొప్పులో పువ్వులు పెట్టుకునే చోట రెండు ఉలులు. మా శ్రీకాకుళం వాళ్ళకి పెళ్ళయినా, గృహప్రవేశమైనా స్టీలు సామాను చదివించడం ఆనవాయితీ. చదివించినవాళ్ళ పేరు గిన్నె మీద ఉండి తీరాలి. ఆ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టడం పిన్ని పని. భర్త షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేస్తూ పోయాడని మా అమ్మ అనగా విన్నాను. అంతకు మించి ఆవిడ సంగతులు నాకు తెలియవు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే ఆవిడ చలవే. బడిలో హిందీ, వీధిలో బెంగాలీ, ఇంట్లో నోటి తెలుగు. తెలుగు పుస్తకం అన్నది మా ఇంట్లో లేదు. అన్నం వడ్డించేదాకా ఊరుకోలేక కంచం అంచు మీద మా పెద్దమావయ్య పేరు వేలితో తడుముతూ కూడబలుక్కునేవాణ్ణి. మంచినీళ్ళ గ్లాసు మీద మేనత్త, కూర గిన్నె మీద పక్క క్వార్టరు గ్యాంగ్‌మన్‌గారు. పెద్దయ్యాక హౌరా స్టేషన్లో మొదటిసారి తెలుగు పత్రిక చూసినప్పుడు, అక్షరాలకి చుక్కల్లేవేమిటని ఆశ్చర్యపోయాను.

పిన్ని పని చేస్తున్నప్పుడు చూస్తూ కూర్చోవడం భలే సరదాగా ఉండేది. దెబ్బ దెబ్బకీ కళ్ళు ఆర్పేది. అక్షరానికీ అక్షరానికీ మధ్యనే మాట్లాడేది. ముందు పేరు పొడుగునా గుండ్రాలన్నీ కొట్టేసి, తలకట్లు మాత్రం ఆఖర్న ఒక్క విసురులో పెట్టేది. మధ్యలో ఎవరైనా తొందరపడి గిన్నె కోసం చెయ్యి చాపితే, "ఉండు బావూ, ఇంకా బోడిగుండుమీదే ఉన్నారు మీ అత్తోళ్ళు" అనేది.

ఇక ఆవిడ పట్టుదల ఒకటి. ఇచ్చినవాళ్ళ పేరే కొట్టేది. పక్కింటి గిన్నెలతో కలిసిపోకుండా ఉంటాయని సొంత పేరు కొట్టించుకునేవాళ్ళు మాలోనూ ఉన్నారు. వాళ్ళని పిన్ని మర్యాదగా ఇంకో బజారుకి పంపేసేది. ఎంత ఇస్తామన్నా చేసేది కాదు. మొండివాడు రాజుకంటే బలవంతుడని మా నాన్న విసుక్కునేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు గంగ దాటి కలకత్తా చాందినీ బజారులో నా కొట్టుకి వచ్చింది. నాది కొట్టు అంటే కొట్టు కాదు, మెట్ల కింద ఒక బల్ల, ఒక దీపం, ఒక స్టూలు. పాటల డబ్బాలు, సీడీ ప్లేయర్లు బాగుచేసేవాణ్ణి. పిన్ని వచ్చింది నాకోసం కాదు. గిన్నెల కొట్టు సేఠ్ కరెంటు కలం ఒకటి తెప్పిస్తున్నాడట. ఎవరు పట్టుకున్నా జుయ్యిమని పేరు రాసేస్తుందట. ఈ పెళ్ళిళ్ళ రోజులు కాగానే మెట్టు ఖాళీ చెయ్యమన్నాడు. తనని తరిమేది ఎలా ఉంటుందో చూద్దామని ఆవిడ ఫెర్రీ ఎక్కి వచ్చేసింది. మా వరసలోనే అమ్మే చోట పట్టుకుని, ఒక రేకుముక్క మీద గీసి చూసి, నా దగ్గరికి వచ్చి స్టూలు మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. చాలాసేపు చెయ్యి విదిలించుకుంటూ కూర్చుని, "అది కొట్టదు బావూ, కితకితలు పెడతాది" అంది.

అప్పుడు నా బల్ల మీద ఉంది ఆ నల్లడబ్బా. దక్షిణ కలకత్తాలో ఏదో బడిలో చెప్పే బెంగాలీ పంతులమ్మగారిది, బ్యాటరీ మార్చమని ఇచ్చి వెళ్ళారు. దిదిమొణి అంటాం ఆవిణ్ణి మేము. అప్పటిదాకా వచ్చినవన్నీ తెల్లవి. ఇది నలుపు మీద ఎర్ర చక్రం. బజారు బజారంతా వచ్చి చూసిపోయారు. పిన్ని మాత్రం దాని మొహం చూడనే లేదు. చేతికి తీసుకుంటూనే బోర్లా తిప్పి, కొంగుతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసింది.

"నలుగురు కలిసి సదివించినారేటి?" అంది.

వాళ్ళు చదివించినవాళ్ళు కాదని, పాడినవాళ్ళని, ఆ కంపెనీ ఇలా పాటగాళ్ళ సంతకాలతో ప్రత్యేకంగా కొన్ని తయారుచేసిందని చెప్పాను. పిన్ని ఆలోచించింది. పాట పెట్టింది వాళ్ళే కాబట్టి వాళ్ళ పేరుండటం న్యాయమేనని ఒప్పుకుంది. తరవాత గోరుతో సంతకాలు తడిమింది. గోరుకి ఏమీ తగల్లేదు. దేంతో కొట్టారని అడిగింది. వెలుతురుతో రాస్తారని చెప్పాను. నేను వేళాకోళం చేస్తున్నాననుకుంది. ఆసిడ్ లాంటి పులుసు ఏదో పోసి రేకుని తినిపించి ఉంటారని తనకు తానే తేల్చుకుంది. ఆ మాట చచ్చేదాకా మార్చుకోలేదు.

మూత ఎక్కడుందని వెతికింది. ఒక్క మర కూడా కనపడదే, ఎలా విప్పుతావని నన్ను నిలదీసింది. నేను పల్చటి ప్లాస్టిక్ బద్ద దూర్చి చుట్టూతా తిప్పి విప్పి చూపించాను. వెనక రేకు అచ్చం చిన్న పళ్ళెంలా ఊడి వచ్చింది. అంచులు కూడా పళ్ళెం అంచుల్లాగే వంపు తిరిగి ఉన్నాయి. పిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పింది.

"ఇది దొర కంపినీ ఏల సేసినాది ఇలగ? ముందంతా పని. ఎనకంతా ఖాళీ. పేరు కోసమే గదా ఒగ్గీసినారు?"

 నిజానికి అడిగి డబ్బు కడితే ఆ కంపెనీవాళ్ళు వెనక పేరు వేసి ఇచ్చేవారు, అయితే మన దేశంలో కొనేవాళ్ళకి ఆ సదుపాయం ఉందో లేదో నాకూ తెలియదు. ఆ సంగతి చెప్పడం నా కొంప ముంచింది. మర్నాటి నుంచీ పిన్ని మా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టింది. గిన్నెలు పోతే పోయాయి, ఊరంతా ఈ డబ్బాలు కొంటున్నారు కదా, వీటి వీపులన్నీ ఖాళీయే కదా అని ఆవిడ లెక్క. ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా నమ్మి చేతికిస్తే తన చెయ్యి మళ్ళీ బతుకుతుందంది. పక్క కొట్టువాడు నన్ను చూసి నవ్వేవాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా పని. అయినా కాదనలేకపోయాను. మా వరస యూనియన్ దాదాని బతిమాలి, మెట్ల పక్కన ఆవిడకి ఇంత చోటు సంపాదించాను.

చిక్కేమిటంటే ఆ రోజుల్లో ఆ డబ్బాల్లో పాటలు దాచేది హార్డ్ డిస్కు, అంటే లోపల తిరిగే పళ్ళెం. సుత్తి దెబ్బ పడిందా, పాటలన్నీ గంగలో కలిసినట్టే. రేకు విడదీసే కొట్టాలి. విడదీస్తే అది గిన్నె రేకంత మందం కూడా లేదు. నేను పగిలిపోయిన డబ్బాల వీపులు ఏరి ఇచ్చాను. మొదటి దెబ్బకే అప్పడంలా పొంగింది. రెండోది చిల్లు పడింది. అప్పట్లో వచ్చిన రంగురంగుల చిన్న డబ్బాలు కూడా చూపించాను. అది అల్యూమినియమని తెలియగానే, సత్తుమీద పేరు కొట్టించుకునేది పెళ్ళివారు కాదు, హోటలువాళ్ళేనంటూ పక్కన పడేసింది.

ఒక బంద్ రోజు జ్ఞాపకం. బస్సుల్లేవు, ఫెర్రీ లేదు. నేను దగ్గరలో మిత్రుడింట్లో ఉండిపోయాను కాబట్టి కొట్టుకి వచ్చి దీపం వెలిగించుకుని కూర్చున్నాను. పిన్ని హౌరా వంతెన మీదుగా నడిచి వచ్చింది. చేతిసంచిలో లక్క, బొగ్గుల కుంపటి. దారిలో జెండాలు పట్టుకున్నవాళ్ళు ఆపి, పనికి పోతున్నావా అని అడిగారట. పని పోయింది, వెతుక్కుంటున్నానని చెప్పిందట. వాళ్ళు దారి ఇచ్చారట. లక్క కరిగించి రేకు లోపల పోసి, ఆరనిచ్చి, దాని మీద కొట్టింది. ఆ రోజు సాయంత్రానికి రేకు పొంగలేదు. ఎవరి పేరు కొట్టావని చూస్తే నా పేరు. పగిలిన వీపులు నేను ఇచ్చినవి కదా మరి. దాన్ని నా దీపం కింద వేలాడదీశాను. అద్దంలాంటి స్టీలు మీద చుక్కల తెలుగు. దారిన పోయే బెంగాలీలు ఆగి, అదేం నగిషీ అని అడిగేవారు. అడిగి వెళ్ళిపోయేవారు. అంత ఖరీదు పెట్టి కొన్నది సుత్తి కిందికి ఎవరిస్తారు?

ఇచ్చింది ఆ దిదిమొణిగారే. చెవి తీగ పోయిందని వచ్చారు. వేలాడే రేకు చూసి చాలా ముచ్చటపడ్డారు. సంతకాల కింద ఉన్న ఖాళీలో తన పేరు బెంగాలీలో అలాగే చుక్కలతో కొట్టాలన్నారు. నేను పొంగిపోయాను. పిన్ని వైపు చూశాను. పిన్ని బెంగాలీలో, ఇది మీకు ఎవరిచ్చారమ్మా అని అడిగింది. తమ్ముడని దిదిమొణి చెప్పారు, ఓడల్లో ఇంజనీరు, సింగపూరులో కొన్నాడని.

"అయితే ఆరి పేరు సెప్పండి" అంది పిన్ని, తెలుగూ బెంగాలీ కలిపేసి.

తమ్ముడి పేరు కాదు, నాదే కావాలన్నారావిడ. పిన్ని ఉలి తీసి కొప్పులో పెట్టేసుకుంది. "పార్బో నా, దిదిమొణి." చేయలేనంది.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఎదురు చూసిన బేరం. చేతిదాకా వచ్చినది నోటిదాకా రాకుండా తానే తోసేసుకుంటోంది. తెలుగులో గట్టిగానే అన్నాను. ఈ ఒక్కసారికి నీ నియమం పక్కన పెట్టమన్నాను. పిన్ని నాతో కాదు, ఆవిడతోనే మాట్లాడింది. తనకొచ్చిన బెంగాలీ చాలక మధ్యలో ఆగిపోతే, మిగతాది నన్ను చెప్పమంది.

"వొస్తువు ఎవుల కాడుంటే ఆలదే. ఆలు ఎదరే ఉన్నారు, ఆలకి పేరేల? ఇచ్చినోడు ఎదర లేడు గదా బావూ. లేనోడికే పేరు కావాల. అలగని సెప్పు."

చెప్పాను. దిదిమొణి మొహం మారిపోయింది. వాళ్ళమ్మ పోయాక ఇంటి వాటాల దగ్గర తమ్ముడితో మాటలు పోయాయని, వాడి పేరు రోజూ చేతిలో పట్టుకు తిరగమంటారా అని నన్నే అడిగారు, తప్పు నాదన్నట్టు. డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు. పిన్ని సామాను సర్దుకుంది. చేతులు వణకడం అప్పుడే మొదటిసారి చూశాను. కోపం వల్ల కాదని, చాలా రోజులుగా అలాగే ఉందని తరవాత తెలిసింది. పొద్దుట మాత్రం లేదట. మెట్లు దిగుతూ నా వైపు తిరగకుండానే, నేను తిట్టినది సరైనదేనని, అయినా తను చేసినదీ సరైనదేనని చెప్పి వెళ్ళింది. 

దుర్గాపూజ సెలవులు వెళ్ళాక దిదిమొణి మళ్ళీ వచ్చారు. బల్ల మీద డబ్బా పెట్టి, ఒక కాగితం ముక్క పెట్టారు. దాని మీద ఒకటే మాట. అది తమ్ముడి బడి పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. బెంగాలీవాళ్ళకి రెండు పేర్లుంటాయి కదా, ఆ ముద్దుపేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు తనొక్కతే మిగిలిందని, తను కూడా పిలవకపోతే ఆ పేరు పోయినట్టేనని అన్నారు.  

పిన్ని ఆ పని పొద్దుటే పెట్టుకుంది. నేను బద్ద దూర్చి విప్పి, తీగలు తప్పించి, రేకు చేతికిచ్చాను. ఆ సంతకాల రేకు పాడైతే కలకత్తా మొత్తం గాలించినా ఇంకోటి దొరకదు. ఆ సంగతి చెబుదామనుకుని మింగేశాను. దిదిమొణి స్టూలు మీద బిగుసుకుపోయి కూర్చున్నారు. పక్క కొట్టువాడు రేడియో ఆపేశాడు. పిన్ని ఆ బెంగాలీ అక్షరాల కాళ్ళూ చేతులూ ముందు కొట్టేసింది. తలగీత దగ్గరికి వచ్చేసరికి ఆగి ఊపిరి తీసుకుంది.

"మనకి ఎవులి తలకట్టు ఆలదే. ఈలకి ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్కటే" అంది, నవ్వుతూ. కళ్ళార్పకుండా ఆ గీత కొట్టేసింది.

రేకు పొంగలేదు. చెమటంతా నాది. దిదిమొణి చాలాసేపు దాన్ని కొంగుకి ఆనించి పట్టుకున్నారు. తరవాత పిన్ని చెయ్యి పట్టుకుని, పాడినవాళ్ళ పేర్లున్నాయి, ఇచ్చినవాడి పేరు ఉంది, ఇక చేసిన మీ పేరు కూడా మూలన ఎక్కడైనా కొట్టండి అన్నారు. మర్యాదకి కాదు, మనసులో మాటే అది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నానేటి ఇచ్చినాను? కూలి పుచ్చుకున్నాను."

ఆ తరవాత దిదిమొణి బడిలోంచి, వాళ్ళ చుట్టాల్లోంచి కొన్ని డబ్బాలు వచ్చాయి. ప్రతి ఒక్కరినీ పిన్ని అదే ప్రశ్న అడిగేది. సొంతంగా కొనుక్కున్నామన్నవాళ్ళని జాలిగా చూసి పంపేసేది. సిగ్గుపడి వెళ్ళి, ఎవరి దగ్గరో బహుమతి పుచ్చుకుని వచ్చినవాడు కూడా ఒకడున్నాడు. బెంగాలీ, ఇంగ్లీషు, ఒకసారి ఉర్దూ కూడా కొట్టింది. ఆ రెండు మూడేళ్ళు పిన్ని ఫెర్రీ దిగి వచ్చే నడకే వేరు. నాకు మహా సంతోషంగా ఉండేది ఆవిణ్ణి చూస్తే.

కానీ ఆ డబ్బాల ఆయుష్షు పిన్ని ఆయుష్షుకంటే తక్కువ. పాటలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఎవరో తెచ్చిన ఫోను పిన్ని యథాప్రకారం బోర్లా తిప్పి చూసింది. నల్ల ప్లాస్టిక్. తిరిగి ఇచ్చేసింది. ఈలోగా చేతి వణుకు పొద్దుటికి కూడా పాకింది. ఒకరోజు ఉలి జారి వేలు తెగింది. తరవాత రావడం మానేసింది. నేనే రెండుసార్లు టికియాపారా వెళ్ళి పలకరించి వచ్చాను. ఉలులు ఎక్కడున్నాయని అడిగితే మాట మార్చేసింది.

మా అమ్మాయికి అన్నప్రాసన చేసినప్పుడు పిలిచాను. వస్తుందనుకోలేదు. వచ్చింది, రిక్షా మీద, పక్కింటావిడ రెక్క పట్టుకుని. అక్షింతలు వేసి, కొంగు చాటు నుంచి చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసి, పరమాన్నం దీంట్లో పెట్టి తినిపించమంది. తినేదేమీ ముట్టుకోకుండా కాసేపు కూర్చుని, నలతగా ఉందని వెళ్ళిపోయింది. ఆ చలికాలంలోనే పోయిందని కబురొచ్చింది.

గిన్నె అన్నప్రాసన రోజే, జనం సద్దుమణిగాక తిప్పి చూశాను. అడుగున పేరు ఉంది. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, గుండ్రాలు మూసుకోలేదు, తలకట్లు కొన్ని అక్షరాలని దాటి పక్కకి పోయాయి. అంత వంకర రాత ఆవిడ చేతిలోంచి రావడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పటిలాగే వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. ఎన్నో ఏళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేసినా, పిన్నికి ఒక పేరు ఉంటుందని నాకు తోచనే లేదు. మంచి పేరు. ఇక్కడ మాత్రం రాయను. అది నా కూతురికి చదివించిన పేరు.